కుంటి స్టూలు

మా బడి వడ్రంగం సారు పోయారని నిన్న మధ్యాహ్నం కబురొచ్చింది. దవాఖానలో రెండు రోజులే ఉన్నారట. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా ఊరికే రెండుసార్లు నడిచి వచ్చాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి చెప్పనే లేదు.

పోలీస్ యాక్షన్ అయిన రెండో ఏడు, నాంపల్లి స్టేషన్ వెనక మా బడిలో తెలుగు తరగతులు మొదలయ్యాయి. నేను చదువు చెప్పేదాన్ని, సారు వడ్రంగం నేర్పేవారు. ముప్పై మంది పిల్లలకు రెండే రంపాలు. అయినా కొలత పలక మీద రాసి పైకి చదివితే గానీ చెక్క ముట్టనిచ్చేవారు కాదు.

"కొలిచింది రాయి, రాసింది చదువు, గప్పుడు కొయ్యి," అనేవారు.

నా దగ్గర అక్షరాలంటే పారిపోయే పిల్లలు ఆయన దగ్గర బుద్ధిగా రాసేవారు. నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

పనిముట్ల కోసం సర్కారుకు అర్జీ పెట్టాం. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి మంజూరు చేస్తాడన్నారు. పిల్లలు చేసిన స్టూళ్లన్నీ కుంటివే. పరువు పోతుందని, సారుకు చెప్పకుండా, ఆబిడ్స్‌లో తెలిసిన దుకాణం నుంచి పాలిష్ పట్టిన స్టూలొకటి అడిగి తెచ్చి ముందు వరసలో పెట్టాను. తనిఖీ అంటే అందరూ చేసే పనేగా అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు దాని మీదే కూర్చున్నాడు. "రెండు రంపాలతోనే ఇంత పనితనం వస్తుంటే మీకింకేం తక్కువ? లేని బడికి ఇద్దాం," అని లేచిపోయాడు.

సారు ఆ స్టూలును తిరగేసి చూశారు. కోప్పడలేదు.

"మన వంకర మనమే దాచుకుంటే సర్కారుకు ఎట్ల తెలుస్తది టీచరమ్మా? జర చూడనియ్యాల్సింది."

ఆ ఏడే తొమ్మిది మంది బడి మానేశారు. రంపం వంతు కోసం ఎన్నాళ్లని కూర్చుంటారు? సారు మాత్రం పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, అరిగిన రంపాలు అడిగి తెచ్చి, ఆకురాయితో పళ్లు తీరుస్తూ పోయారు. చేతిపనీ చదువూ కలిపి నేర్పాలని ఇప్పుడు సభల్లో చెబుతున్నారు, ప్లానుల్లో రాస్తున్నారు. అది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది, ఆ ఇన్‌స్పెక్టరు మీద కొంత, నా మీద ఎక్కువ. తప్పయిందని ఆయనతో ఒక్కసారైనా అనలేకపోయాను.

నేను బడి విడిచి వెళ్లేరోజు సారు ఆనాటి పిల్లలు చేసిన కుంటి స్టూలొకటి నా చేతికిచ్చారు.

"గిది మీ ఇంట్ల అందరికి కనబడేతట్టు పెట్టుకోండ్రి," అని నవ్వారు.

దాని మీద కూర్చునే ఇది రాస్తున్నాను. కదిలినప్పుడల్లా ఊగుతోంది. కాలు కింద ఇంత కాగితం మడిచి పెట్టమని ఇంట్లో అంటూనే ఉంటారు. నేను పెట్టను.