ఒడి బియ్యం, ఒంటి బరువు

మా పాప నా కడుపులో ఉన్ననాటి సంగతులను మా బంధువులు ఇప్పటికీ రకరకాలుగా చెప్పుకుంటారు. అందువల్ల నాకు నిశ్చయంగా తెలిసినవాటిని ముందుగా వేరు చేస్తాను. గర్భం నిలిచేనాటికే నేను ఉండవలసినదానికన్నా బాగా బరువున్నాను, ఇది నిజం. నన్ను మోసిన రోజుల్లో మా అమ్మకు షుగరు వచ్చింది, ఆ తరువాత అది ఆమెను వదలలేదు. ఇదీ నిజం, ఆమె మందులు చూస్తూ పెరిగాను. నా సీమంతం రోజున మా అత్తమ్మ లడ్డూల పళ్లెం లాక్కుపోయి వంటింట్లో దాచిందన్నది వినికిడి. అప్పుడు నేను పీట మీద ఉన్నాను, అక్కడినుంచి వంటిల్లు కనబడదు. ఆమె కోడలిని పస్తులుంచిందన్నది మాత్రం వినికిడి అనడానికి కూడా వీల్లేదు. అది అబద్ధం.

అది రెండువేల పదకొండు. విమానాశ్రయం వచ్చి మూడేళ్లయింది. మేము శంషాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. గగన్‌పహాడ్‌లోని ఒక ఆహార పదార్థాల కర్మాగారంలో, పరీక్షల గదిలో, నా ఉద్యోగం. వచ్చిన సరుకులో సూక్ష్మజీవులు ఉన్నాయా లేవా అని పొద్దంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని చూడడం నా పని. ఎవరైనా ఏదైనా చెబితే, ఎవరు చూశారు, ఎట్లా కొలిచారు అని అడగడం ఆ పని నాకు అంటించిన అలవాటు.

డాక్టరమ్మనూ అట్లాగే అడిగాను. ఆమె విసుక్కోలేదు. "ఇప్పుడు బరువు తగ్గాలని చూడకండి, అది బిడ్డకు మంచిది కాదు. కొంత పెరగాలి. కాని సన్నగా ఉన్నవాళ్లు పెరిగినంత మీరు పెరగనక్కర్లేదు," అన్నది. ఎంత పెరగవచ్చో కింది హద్దు, పై హద్దు చెప్పింది. ఆ హద్దులు ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే, ఎంతోమంది గర్భిణులను గమనించగా తేలినవని, అవి హామీ కాదని, అపాయం తగ్గే దారి మాత్రమేనని చెప్పింది. హామీ ఇవ్వనందుకే ఆమె మీద నాకు నమ్మకం కలిగింది.

ఆ మరుసటి వారమే సాతంరాయి అవతల ఉన్న మా ఊరినుంచి అత్తమ్మ వచ్చింది, ఒక సంచీలో నువ్వుల లడ్డూలతో, ఇంకో సంచీలో నెయ్యి డబ్బాతో.

"నీది ఇద్దరి పానం బిడ్డా. ఇద్దరి తిండి తినాలె."

"రెండో పానం ఇంకా జామకాయంత గూడ లేదు అత్తమ్మా."

"జామకాయంత అని నువ్వు చూసినవా?"

"స్కాన్‌ల చూసిన."

ఆమె సంచీలోంచి ఒక లడ్డూ తీసి తుంచింది. "అయితె జామకాయంతనే ఎక్కువ తిను. గని తిను."

నవ్వి ఊరుకున్నాను కాని, ఆమె పట్టుదల వెనుక ఉన్నది నెయ్యి మీద మమకారం కాదని త్వరలోనే తెలిసింది. నేను రెండోసారి అన్నం వద్దన్న పూట ఆమె గిన్నె కింద పెట్టి అన్నది: "నీకు డాక్టరు మాట ఉన్నది. నాకు ఊర్లె ఏమున్నది? రేపు పిల్ల బక్కగ పుడితె డాక్టరును ఎవ్వరూ అనరు. అత్త తిండి పెట్టలేదంటరు."

అమ్మకు వచ్చినది నాకూ వస్తుందేమోనన్నది నా భయం. ఊళ్లో నలుగురిలో మాట పోతుందన్నది ఆమె భయం. రెండూ ఒకే కంచం దగ్గర ఎదురుపడ్డాయి.

ఇంట్లో బరువు చూసుకునే కాంటా ఒకటి కొన్నాను. దాన్ని ఆమె మొదటినుంచీ అనుమానంగా చూసింది. "ఇది నిజం చెప్తదని ఏం నమ్మకం?" అన్నది. ఆ ప్రశ్న నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. విప్పని బియ్యం బస్తాను దానిమీద నిలబెట్టి, బస్తా మీద అచ్చు వేసిన తూకమూ కాంటా చూపిన తూకమూ ఒకటేనని చూపించాను. అత్తమ్మ బస్తా చుట్టూ తిరిగి, వంగి చూసి, తానూ ఒకసారి ఎక్కి దిగి, "బియ్యానికి అబద్ధం చెప్పలేదంటె మనిషికి గూడ చెప్పది," అని తీర్మానించింది.

ఒక సాయంత్రం ఆమె పుంటికూర ఆకు తెంపుతుండగా, పరీక్షల గదిలో సరుకు గురించి అడిగినట్టే ఆమెను అడిగాను.

"మా ఆయన మీ కడుపుల ఉన్నప్పుడు ఏం తింటుంటిరి?"

"జొన్నరొట్టె, అంబలి, పచ్చిపులుసు. కడుపు నిండ తిన్న. అందుకే గదా నీ మొగుడు గట్లున్నడు."

"ఏం పని చేస్తుంటిరి?"

ఆమె నవ్వింది. "ఏం పని చెయ్యలేదో అడుగు. నాట్లేసిన, కలుపు తీసిన, బర్లకు గడ్డిమోపు మోసిన. నొప్పులొచ్చిన దినం గూడ పాలు పిండిన."

"మరి నేనేం పని చేస్తున్న?"

ఆమె చేతిలో కాడ ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "కుర్సీల కూసుంటవు," అన్నది. కూర కడిగి పొయ్యిమీద వేశాక, తనలో తాను అనుకున్నట్టు అన్నది: "నేను తిన్నది కడుపుకు గాదు. పనికి తిన్న."

ఒక మనిషి జ్ఞాపకం శాస్త్రానికి రుజువు కాదని నాకు తెలుసు. కాని డాక్టరమ్మ హద్దులు చేయలేనిది ఆమె సొంత జ్ఞాపకం చేసింది. మరునాటినుంచి వంట, వడ్డన, కాపలా అన్నీ ఆమెవే. అన్నం తగ్గింది, పప్పు, ఆకుకూర, గుడ్డు, మజ్జిగ పెరిగాయి. నెయ్యి డబ్బా పై అరకు ఎక్కింది. నేను ఆకలితో ఏ పూటా పడుకోలేదు. సాయంత్రం ఆమె ముందు, నేను వెనుక, వీధి చివరిదాకా నడక. దిగుతున్న విమానాన్ని చూస్తూ నేను ఆగితే, "దాని నడక అది నడుస్తున్నది, నీ నడక నువ్వు నడువు," అనేది. తియ్యటి నీళ్లు తాగించి రక్తం తీసే పరీక్షలో షుగరు లేదని తేలిన రోజున, ఆ కాగితం నాకన్నా ముందు ఆమె చేతిలో ఉంది, చదవడం రాకపోయినా.

సీమంతం ఊళ్లో, అత్తమ్మ ఇంట్లో జరిగింది. దాని గురించి ఇక్కడ చెప్పేదంతా నేను పీట మీదినుంచి కళ్లారా చూసినదే. ఆడవాళ్లు వరుసగా వచ్చి నా ఒడిలో బియ్యం, కొబ్బరికాయలు, పండ్లు, గాజులు పోస్తున్నారు. అత్తమ్మ తోటికోడలు, వరుసకు పెద్దామె, బచ్చాల గిన్నెతో, అంటే బొబ్బట్లతో, నా ముందు కూర్చుంది.

"ఏం చెల్లె," అని అత్తమ్మతో అన్నది, అందరికీ వినబడేటట్టు, "కోడలు లావున్నదని తిండి బంద్ వెట్టినవట. శంషాబాద్‌ల తిండికి గూడ కిరాయి కట్టాల్నా ఏంది?"

అందరూ నవ్వారు. నేను అత్తమ్మ ముఖం చూడలేక చూశాను. ఆమె భయపడిన రోజు అదే, ఆమె భయపడిన మాట అదే.

అత్తమ్మ తొణకలేదు. "ఒడి ఎంతనన్న నింపు అక్కా. రెండు చేతుల నింపు. నోట్లె మాత్రం ఒక్క ముక్క. మిగిలింది నువ్వు తిను, పాపం బక్కగైనవ్."

పెద్దామె ఏ కోణంలోంచి చూసినా బక్కగా లేదు. ఈసారి నవ్వు అటు తిరిగింది. కాని ఆమె వదలలేదు. "నవ్వులకేంది గని, రేపు పిల్ల బక్కగ పుడితె?"

"పుడితె నన్నను. నా కోడలిని ఒక్క మాట అనకు."

పెద్దామె ఒక్క ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. తరువాత వచ్చిన ప్రతి ఒక్కరూ అంతే పెట్టారు. ఒడి మాత్రం ఎంత బరువెక్కిందంటే, ఇద్దరు పట్టుకుని లేపితే గాని లేవలేకపోయాను. నాది కాని బరువును అంత గర్వంగా నేనెప్పుడూ మోయలేదు.

నెలలు నిండి పాప పుట్టింది. బక్కగా లేదు, మరీ బొద్దుగానూ లేదు. నర్సు తూకం చెప్పగానే అత్తమ్మ అడిగింది: "ఈ కాంటాను బియ్యం బస్తతోటి చూసిన్రా?" నర్సు నా వైపు చూసింది. ప్రశ్న సరైనదేనన్నాను. నేను పెరిగిన బరువు డాక్టరమ్మ చెప్పిన పై హద్దు దాటలేదు. బీపీ రాలేదు, షుగరు రాలేదు. అత్తమ్మ పాపను ఎత్తుకుని మొదట చూపించింది పెద్దామెకే.

పాప బడికి పోవడం మొదలుపెట్టిన ఏడు, రెండువేల పదిహేనులో, ఒకరోజు అత్తమ్మ అడిగింది: "ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. అప్పుడు అందరు పెట్టిందంత నువ్వు తింటె ఏమయ్యేది?"

"తెల్వదు అత్తమ్మా."

"తెల్వదా? అన్ని నెలలు నన్ను పరేషాన్ చేసి, ఊర్లె మాట పడనిచ్చి, ఇప్పుడు తెల్వదంటవా?"

తెలియదనే చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. హద్దులు ఎంతోమంది గురించి చెప్పగలవు, నా ఒక్కదాని గురించి చెప్పలేవు. అన్నీ తిన్నా నాకు షుగరు వచ్చేది కాదేమో. ఆ నడక, ఆ కంచం వల్లనే రాలేదేమో. తేల్చాలంటే ఆ నెలలనే, ఆ ఒంటితోనే, ఆ బిడ్డతోనే మళ్లీ మొదటినుంచి, వేరే తిండి తిని గడపాలి. మరో కాన్పు వచ్చినా అది మరో కాన్పే అవుతుంది. పోల్చడానికి రెండో నేను లేను గనుక ఆమె ప్రశ్న అట్లాగే ఉండిపోయింది.