స్రవంతి ఒళ్లో జిరాఫీ తల

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. శకునాలూ అంతే. పిల్లి ఎదురొస్తే పాపం దానికీ ఏదో పనుందిలే అనుకునే రకాన్ని. కాబట్టి ఇది చదివి నాకేదో చాదస్తం ముదిరిందనుకోకండి. నా కళ్లముందు జరిగింది కాబట్టి రాస్తున్నాను. రాస్తుంటే భయం కంటే సిగ్గే ఎక్కువ వేస్తోంది.

మేముండేది కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో. మా అపార్ట్‌మెంట్స్‌లోని తెలుగువాళ్లం ఎక్కడికి వెళ్లాలన్నా బుకింగులూ, ఎవరు ఏ కార్లో, పులిహోర ఎవరు కలపాలి, అన్నీ నేనే చూస్తాను. అడక్కపోయినా చూస్తాను. మూడేళ్ల కిందట అలాగే ఒక సఫారీ పార్క్‌కి అందరినీ బయల్దేరదీశాను. కొండల మధ్య ఆఫ్రికా జిరాఫీలు, జీబ్రాలు, అడవిదున్నలు విడిగా తిరుగుతుంటాయి. పైకప్పు లేని ట్రక్కులో మనల్ని వాటి మధ్యకు తీసుకెళ్తారు.

మా కింది ఫ్లాట్‌లో ఉండే స్రవంతి, ఆమె భర్త కిరణ్ కూడా వచ్చారు. ట్రక్కు దగ్గరికి రాగానే స్రవంతి వెనకాడింది. మీరు వెళ్లి రండక్కా, నేను గేటు పక్కనున్న పక్షుల దగ్గర కూర్చుంటానంది. ఎందుకంటే ముందు తలనొప్పి అంది, కాసేపాగి ఎండ అంది.

అసలు సంగతి తనకి రెండో నెల. మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదని మనవాళ్ల పట్టింపు కదా. అందుకే నోరు మెదపలేదు. దారంతా గతుకులు, గర్భిణులు ఎక్కొద్దని డ్రైవర్ మరీ మరీ చెప్పింది. అంతమందిలో ఆ మాటకి తల వంచుకుని నిలబడింది స్రవంతి. నాకేం తెలుసు! భయపడుతోందనుకున్నాను. ఒళ్లు మండింది. ఫోన్లో వీడియో తీస్తూనే అందరికీ వినపడేలా అన్నాను.

"ఎక్కవే తల్లీ, జిరాఫీ ఏమన్నా నిన్ను కొరుక్కు తింటుందా? నీ మూలంగా అందరం ఎండలో మాడుతున్నాం."

అందరూ నవ్వారు. కిరణ్ ఏదో అనబోతే స్రవంతే చేయి పట్టుకుని ఆపింది. ఇద్దరూ ఎక్కి చివరి సీట్లో కూర్చున్నారు.

జిరాఫీలు దూరంగా చెట్ల కింద ఉన్నాయి. మాకు ముందు వెళ్తున్న ఇంకో ట్రక్కులో వాళ్లు ఆకుల కొమ్మలు చాపుతున్నారు. మందలోంచి ఒక జిరాఫీ బయల్దేరి, ఆ ట్రక్కు పక్కనుంచే నడిచి, సూటిగా మా దగ్గరికి వచ్చింది. మేమిచ్చిన ఆకులు వాసన కూడా చూడలేదు. మెడ వంచి తల తెచ్చి స్రవంతి ఒళ్లో పెట్టింది. బరువు వేయలేదట, ఊరికే ఆనించి ఉంచిందట.

డ్రైవర్ అరవై దాటిన అమెరికన్ ఆవిడ. జిరాఫీలు ఆకులకి వస్తాయి తప్ప మనిషిని తాకనివ్వవు, ఇలా ఎన్నడూ చూడలేదని ఆశ్చర్యపోయింది. దాన్ని తోలడానికి చప్పట్లు కొట్టింది, బండి మెల్లగా కదిపింది. జిరాఫీ తల తీసి ముందుకెళ్లి దారికి అడ్డంగా నిలబడింది. బండి ఆగగానే వెనక్కొచ్చి మళ్లీ అదే ఒళ్లో తల పెట్టింది. మేం పడీ పడీ నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

చివరికి డ్రైవర్ వాకీటాకీలో కబురు చేస్తే జీపు వచ్చింది. స్రవంతినీ కిరణ్‌నీ రెండో వైపు నుంచి దింపి అందులో ఎక్కించారు. వాళ్లు దిగగానే జిరాఫీ తల తీసుకుని మందవైపు నడిచి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మా బండి కదిలింది. ఎండిన వాగు దాటేచోట వెనక చక్రం గోతిలో పడింది. పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే స్రవంతి వాళ్లు కూర్చున్న సీటు బోల్టులతో సహా ఊడి రాళ్ల మీద పడి ఉంది. డ్రైవర్ దిగి ఊడిన బోల్టులు ఏరి చూసింది. పొద్దున్నే తన చేత్తో తనిఖీ చేశానని ఎవరూ అడక్కుండానే చెప్పింది. ఆ తర్వాత మాలో ఎవరూ నవ్వలేదు.

గేటు దగ్గర కిరణ్‌కి ఈ సంగతి చెప్పాను. అతను నన్ను పక్కకి పిలిచి అన్నాడు.

"తనకిప్పుడు రెండో నెల అక్కా. ఇంతకుముందు రెండుసార్లు పోయింది. అందుకే ఈసారి ఎవరికీ చెప్పలేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. స్రవంతి మాత్రం డబ్బాలోని పులిహోర నాకే ముందు పెట్టింది.

కడుపుతో ఉన్నవాళ్లని జంతువులు వాసనతో పసిగడతాయని ఎక్కడో చదివాను. సరే, పసిగట్టిందే అనుకుందాం. మరి సీటు సంగతి దేంతో పసిగట్టినట్టు? ఎంత ఆలోచించినా నా బుర్రకి అందలేదు.

పాప పుట్టింది. ఇప్పుడు మెట్లెక్కి మా ఇంటికి తనే వస్తుంది, ఆంటీ అంటూ. మొన్న స్రవంతి ఆ వీడియో పంపమంది, పాపకి చూపించాలట. ఫోన్ మార్చినప్పుడు పోయిందని చెప్పాను. పోనీలే అక్కా అంది.

పోలేదు. నా దగ్గరే ఉంది. ఒక్కసారే చూశాను. మొదట నా వెటకారం వినిపిస్తుంది, తర్వాత నా నవ్వు. జిరాఫీ తల స్రవంతి ఒళ్లో ఉంది గానీ దాని కన్ను మాత్రం ఆసాంతం ఫోన్ పట్టుకున్న నా వైపే ఉంది. ఆ సీటు ఊడుతుందని దానికి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. రేపు ఆ పాప పెద్దదై, వీడియోలో ఆ గొంతు ఎవరిదని అడిగితే ఏం చెప్పాలో అసలే తెలియదు.