తాళం వేయించిన ఉత్తరం

నలభై ఏళ్లుగా దించుకోలేని బరువొకటి నా దగ్గరుంది. బరువంటే పెద్దదేం కాదు, పావు కాగితం మీద నాలుగు వాక్యాలు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లందరూ నన్ను మెచ్చుకునేవాళ్లే. వాళ్లతో ఎలా చెప్పను?

ఎనభైల మొదట్లో యూనివర్సిటీలో చదివాను. ఊరేదంటే దంతాలపల్లి అనేదాన్ని. ఊరవతలి తండా అని మాత్రం అనేదాన్ని కాదు. హాస్టల్లో నాతో ఉండేవాళ్లు తరిగొప్పుల వైపు భూములున్న ఇళ్ల పిల్లలు. వాళ్లతో తింటూ, వాళ్లలా మాట్లాడుతూ, లంబాడ పిల్లనన్న సంగతి నేనే మరిచిపోవాలని చూశాను.

ఆ ఏడాదే తండాల విద్యార్థులు కొట్లాడి లైబ్రరీ వెనక పాత సామాన్ల గది సాధించుకున్నారు. మా భాష గట్టిగా మాట్లాడుకునే చోటు క్యాంపస్ మొత్తంలో అదొక్కటే. పాటలక్కడే, కొత్త పిల్లలకు ఫారాలు నింపిపెట్టడం అక్కడే. నేను ఆ గడప తొక్కలేదు.

మా ఆడవాళ్లకొక ఆచారముంది. చాన్నాళ్లకు కలిసిన చుట్టం మెడ పట్టుకుని, రాగం తీసి ఏడుస్తూ పలకరిస్తారు. అది దుఃఖం కాదు, క్షేమం అడగడం. కొత్తగా చేరిన మంగ్లీ, మా మేనత్త తండా పిల్ల, ఒకరోజు హాస్టల్ వరండాలో నన్ను గుర్తుపట్టి అలాగే మెడ పట్టుకుంది. నాతో ఉండేవాళ్లు చూస్తున్నారు. చేతులు విడిపించుకుని, నన్నెవరో అనుకుంది పాపం అని నవ్వేశాను.

ఆ సాయంత్రమే వార్డెన్‌కు రాశాను. లైబ్రరీ వెనక గదిలో ఆడపిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి. ఏదో బలవంతం జరుగుతోంది. మాకు భయంగా ఉంది. విచారించండి. కింద పేరు పెట్టలేదు. తెలియనివాళ్లు రాస్తే అమాయకత్వం. తెలిసి రాసిన నాదేమిటి? గది లేకపోతే నన్ను గుర్తుపట్టేవాళ్లూ ఉండరనుకున్నాను. అంతే. అంతకన్నా గౌరవమైన కారణం కోసం ఏళ్లపాటు వెతికాను, దొరకలేదు.

గదికి తాళం పడింది. నిన్నెవరు ఏడిపించారో చెప్పమని, రోజూ ఆ గదికి వెళ్లే మంగ్లీని రెండు గంటలు కూర్చోబెట్టారు. బయటికొచ్చి నేరుగా నా దగ్గరికే వచ్చింది. నా పరువు పోకూడదని తెలుగులోనే మాట్లాడింది.

"అక్కా, అది ఏడుపు కాదని ఆ రాసినోళ్లకు ఎవలన్న చెప్తే అయిపోవు గదా?"

"చెప్తే ఇంటరా?"

"ఎందుకినరు? తెల్వక రాసిన్రు. తెలిస్తే గిట్ల రాస్తరా అక్కా?"

గది పిల్లలు తండాలకు కబురు పెట్టారు. వారం తిరక్కుండా మానుకోటలో పాసింజర్ ఎక్కి ముప్పైమంది తల్లులు దిగారు. అద్దాల రవికలు, మోచేతి పైదాకా గాజులు. యూనివర్సిటీ ఆఫీసు ముందు, వేర్వేరు తండాలవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగమెత్తారు. గుమాస్తాలు కిటికీల్లోకి వచ్చారు. పెద్ద ఆఫీసరు బయటికొచ్చి, వీళ్లంతా ఎందుకేడుస్తున్నారని అరిచాడు. నా కాళ్లెలా కదిలాయో తెలియదు. ముందుకెళ్లి ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. ఎన్నాళ్లకు కనిపించావు బిడ్డా, నీ తమ్ముడు బాగున్నాడా, వానలు పడ్డాయా, మీ ఆవు ఈనిందా. ఆవు దగ్గరికొచ్చేసరికి ఆయనకే నవ్వాగలేదు. నాతో ఉండేవాళ్లు గుంపులోంచి నన్నే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను, తల దించలేదు.

మధ్యాహ్నానికి తాళం తీశారు. గెలిచాం! ఈ మాట మాత్రం ఇప్పటికీ గొంతెత్తి చెబుతాను. ఆ రోజే మొదటిసారి గడప తొక్కాను. మంగ్లీ మళ్లీ నా మెడ పట్టుకుంది. అక్కడ అందరూ పాడారు. నేనొక్కదాన్నే ఏడ్చాను.

ఆ గది ఇప్పుడు రెండంతస్తుల భవనం. ఎందరో పిల్లలు ఆ గడప దాటి పెద్ద ఉద్యోగాలకెళ్లారు. ఏటా నన్ను పిలిచి, తాళం తీయించిన అక్క అంటూ శాలువా కప్పుతారు. కప్పేది మంగ్లీయే. ఒక్కసారీ వద్దనలేదు నేను.

తాళం వేయించింది కూడా నేనే. హమ్మయ్య, రాశాను.

ఈసారీ కింద పేరు పెట్టడం లేదు, చూశారా? కానీ ఆ వరండా సంగతి మంగ్లీ మరిచిపోయి ఉండదు. ఇది చదివితే ఎవరు రాశారో ఆమెకు తెలుస్తుంది. తెలియాలనే రాశాను.