గోల్ ముందు ఇచ్చేసిన బంతి

ఆ కాలంలో మా అంబాజీపేట వైపు కూలిపిల్లకు రెండు చేతులున్నాయంటే అవి కొబ్బరికాయలు అందుకోవడానికే అనుకునేవారు. లారీకి కాయ ఎత్తేటప్పుడు రాశి దగ్గర నుంచి లారీ దాకా వరసగా నిలబడేవాళ్లం. ఒకరు విసిరిన కాయ అందుకుని పక్కవాళ్లకు విసరాలి. చేతులు బిగబట్టి అందుకుంటే వేళ్లు వాస్తాయి. కాయతోపాటు చేతులూ కాస్త వెనక్కి పోవాలి. కాయ చేతిలో ఆగిందా, తిట్లే. ("దాన్ని పెంచుకుంటావేంటే?" అని అందరికంటే ముందు మా అమ్మే తిట్టేది.) పదిహేనేళ్లు వచ్చేసరికి బడి మొహం ఎరగని నాకు ఆ ఒక్క విద్య బాగా వచ్చు.

షావుకారు గారి కొబ్బరి కొట్టు పక్కనే హైస్కూలు ఆటస్థలం. అక్కడ ఆడపిల్లలకు హాకీ నేర్పే డ్రిల్లు మాస్టారు ఒకనాడు గోడ మీదుగా మా వరసను చూసి, షావుకారు గారిని అడిగి నన్ను తీసుకెళ్లారు. ఆ పిల్లలు ఆపబోతే బంతి కర్రకు తగిలి ఆమడ దూరం ఎగిరిపోతోంది. నా చేతికి కర్ర ఇచ్చి నా వైపు బంతి కొట్టారు. కాయ అందుకున్నట్టే కర్రను కాస్త వెనక్కి తీశాను. బంతి పిల్లికూనలా కాళ్ల దగ్గర పడుకుంది. "చూశారా, చదువుకున్నోళ్లూ!" అన్నారు మాస్టారు.

కొట్టడమే రాలేదు. ఎడమ భుజం గోల్ వైపు పెట్టు, తల వంచు, బంతినే చూడు అనేవారు. పని అయ్యాక రాలిన కొబ్బరి పిందెలు పేర్చుకుని రెండు ఇటుకల మధ్యకు కొట్టేదాన్ని. నెల తిరిగేసరికి గురి తప్పడం మానేసింది. "అమలాపురంలో ఊళ్ల పోటీ ఉందమ్మా. ఆటల హాస్టల్‌కు పిల్లల్ని ఎంచే పెద్దలొస్తారు. వాళ్ల ముందు ఒక్క గోల్ కొట్టు చాలు. హాస్టల్లో సీటు ఇప్పించి బళ్లో వేసే పూచీ నాది" అన్నారు మాస్టారు.

ఆట ఆఖర్న బంతి నా దగ్గరకు వచ్చింది. మెత్తగా అందుకున్నాను. గోల్ కాసే పిల్ల జారిపడి ఉంది. ఎదురుగా ఇటుకల సందుకు పది రెట్లు ఖాళీ. అప్పుడే మా జట్టులో ఆడుతున్న షావుకారు గారి అమ్మాయి పక్కనుంచి "ఒసే, ఇలా ఇయ్యే!" అని అరిచింది. అచ్చం వాళ్ల నాన్నగారి గొంతు. నా బుర్ర వద్దంటూనే ఉంది, చేతులు ఇచ్చేశాయి. ఆ అమ్మాయి కొట్టింది. గోల్.

"గోల్ ముందు ఎవరైనా బంతి ఇచ్చేస్తారటే!" అని మాస్టారు తల పట్టుకున్నారు.

"అలవాటండీ" అన్నాను.

పెద్దలు ఆ అమ్మాయినే ఎంచుకున్నారు. (హాస్టల్ తిండి పడక వారానికే తిరిగొచ్చేసింది. ఖాళీ అయిన ఆ మంచం ఇమ్మని అడగాలని కూడా నాకు తెలియదు.) మర్నాడు వరసలో నా చోట నేను నిలబడ్డాను. షావుకారు గారు వచ్చి, "బంతి బాగా ఇచ్చేవంట గదే!" అని మెచ్చుకున్నారు.

యాభై దాటాక మా మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దాను. చదవడం రాగానే ఆ హైస్కూలుకు వెళ్లి, వరండాలో ఆటల్లో పేరు తెచ్చినవాళ్ల బోర్డు ముందు నిలబడ్డాను. ఆ అమ్మాయి పేరు కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. నా పేరుకు అసలు టైమే పట్టలేదు, ఉంటేగా.

"ఎవరండీ ఆవిడ? మీ చుట్టాలాండీ?" అన్నాడు నేను పైకి చదవడం విన్న అటెండరు.

"కాదండీ. ఆవిడకి బంతి ఇచ్చింది నేనేనండీ."

"ఆయ్, అలాగాండీ" అంటూ, ఎండదెబ్బ తగిలిందనుకున్నాడో ఏమో, కుర్చీ వేసి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాడు. మెత్తగా అందుకున్నాను. నాకే నవ్వొచ్చింది. ఈసారి పక్కవాళ్లకు అందించకుండా నేనే తాగాను.