పొరుగింటి సాక్ష్యం

పదవీ విరమణ తర్వాత పూజలూ యాత్రలూ నాకు అబ్బలేదు. ఒక్క సాధన మాత్రం పెట్టుకున్నాను: మనసు ఒప్పుకోని మాట నోట రాకూడదు. సాయంత్రం డైరీ రాసేటప్పుడు ఆ రోజు మాట్లాడినవన్నీ సరిచూసుకుంటాను. బాగున్నారా అని ఎవరైనా అడిగినా ఆలోచించి గానీ చెప్పను. మా ఆవిడకు అదొక విసుగు.

మట్టెవాడలో మా ఇంటికీ పక్కింటికీ గోడ ఒక్కటే. అక్కడ భర్త పోయిన ఒకామె, బట్టల దుకాణం నడిపే ఆమె కొడుకు ఉంటారు. కోపమొస్తే కొడుకు తల్లిని కొడతాడు. ఆ చప్పుడు గోడ దాటి మాకు వినిపిస్తుంది.

ఆ కొడుక్కి సంబంధం కుదిరేలా ఉంది. రఘునాథపల్లి నుంచి పిల్ల తండ్రి విచారణకు వస్తున్నాడని తెలిసి ఆ తల్లి ముందే మా ఇంటికి వచ్చింది.

“జర మంచి మాట చెప్పు అన్నా. పెండ్లయితే వాడే మారుతడు.”

“మారుతడని నమ్ముతానవా చెల్లె?”

“నమ్మక ఏంజేయాలె?”

నాకొక ఉపాయం తోచింది. అడిగినదానికి నిజమే చెబుతాను, అడగనిది చెప్పను.

పిల్ల తండ్రి వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. చాయ్ పక్కింటామే తెచ్చి తలుపు పక్కన నిలబడింది.

“దుకాణం ఎట్ల నడుస్తాంది సార్?”

“మంచిగ నడుస్తాంది.”

“పిల్లగాడు తాగుతడా?”

“తాగడు.”

“ఇంకేం గావాలె!” అని ఆయన నవ్వాడు. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అయినా ఆయన మొహం చూడలేక చాయ్ గ్లాసు అందుకున్నాను.

“మీరు అబద్ధమాడరని సందు మొదట్లనే చెప్పిన్రు. ఒక్కటే అడుగుత. మీ బిడ్డనయితే ఈ ఇంటికి ఇస్తరా?”

విచారణకు వచ్చినవాళ్లు చివర అడిగే మాటే ఇది. ‘ఎందుకియ్యం!’ అని నవ్వేసి లేవడం మామూలు. దీన్నెలా మరిచానో! తలుపు దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇయ్యను,” అన్నాను. “కోపమొస్తే చెయ్యి లేపుతడు.”

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. చాయ్ సగంలోనే వదిలి, నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

“ఎంత పని జేసినవ్ అన్నా! పుణ్యం నీకాయె. ఇయ్యాల వాడింటికొస్తే దెబ్బలెవలకు?”

మనసులోది చెప్పేస్తే తేలికవుతుందని ఇన్నాళ్లూ నమ్మాను. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని మా ఇంట్లోకి తీసుకెళ్లింది. నేను కుర్చీ తీసుకెళ్లి వాళ్ల గడప ముందు వేసుకుని కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు కొడుకు బండి వచ్చి ఆగింది.

“ఏంది మామా, ఈడ కూసున్నవ్? వాళ్లేమన్నరు?”

“వాళ్లేమనలే. నేనన్న. ఏమన్ననో నీకూ చెప్పాలె, కూసో.”

అతను కూర్చోలేదు. పిల్ల తండ్రికి చెప్పిన మాటే, అక్షరం తగ్గించకుండా, అతని మొహం చూస్తూ చెప్పాను.