జంట పోగు

మంగళగిరిలో చౌడయ్య ఇంటికి కొత్తవాళ్లెవరొచ్చినా ముందు మగ్గం గుంట గట్టు చూపిస్తాడు. వాళ్ల నాన్న రోజుల్లో ఎమ్మెల్యే ఒకాయన ఆ గట్టు మీదే కూర్చుని, కాళ్లు గుంటలోకి వేలాడేసి, గాజు గ్లాసులో టీ తాగుతూ "ఏం కష్టమొచ్చిందయ్యా?" అని అడిగాడు. పని జరిగిందా అంటే సగమే జరిగింది. కానీ ఆయనకూ నేతగాడికీ మధ్య మూడో మనిషి లేడు.

ఇప్పుడు మరమగ్గాల మీద నేసిన నకిలీ మంగళగిరి చీరలు సగం ధరకే దొరుకుతున్నాయి. "మగ్గం మీదున్న ఈ పడుగు అయిపోతే ఇక వద్దులే చౌడయ్యా" అన్నాడు అతని చీరలు కొనే వన్ టౌన్ షావుకారు. నకిలీలు ఆగకపోతే తన మగ్గం ఆగుతుంది. చౌడయ్య అర్జీ రాయించుకుని, శాసనసభ చేనేత మీద వేసిన కమిటీలో ఉన్న ఎమ్మెల్యే కోసం భవానీపురంలో ఆయన ఆఫీసుకి వెళ్లాడు. మూడు గంటలు బెంచీ మీదే. ఆ మూడు గంటల్లో రెండుసార్లు లోపలికి వెళ్లొచ్చినవాడు దుర్గాశంకర్ అనే ఒకాయన. పక్కన కూర్చుని కాఫీ కూడా తెప్పించాడు.

"మిషను చీరకీ మీ చీరకీ తేడా ఎట్లా కనిపెడతారండీ?"

నేతగాణ్ణి బట్ట గురించి అడిగితే నోరు ఆగుతుందా! చీర ముగిసేచోట రెండు పోగులు జంటగా వేయడం తమ వీధి అలవాటనీ, షావుకార్లు కళ్లు మూసుకుని దాన్నే తడిమి చూస్తారనీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎమ్మెల్యే మాత్రం కనిపించలేదు.

నెల తిరిగేసరికి ఆఫీసర్లు వన్ టౌన్‌లో ఒక గోడౌన్ మీద దాడి చేసి, సరుకు పోల్చి చెప్పమని చౌడయ్యను పిలిపించారు. అలవాటు కొద్దీ చెంగు చివర తడిమాడు. జంట పోగు తగిలింది. "మాదేనండి, చేనేతే" అని సంతకం పెట్టాడు. తర్వాత చీర మధ్యలో చెయ్యి వేశాడు. బట్టంతా ఒకటే బిగువు. సాయంత్రానికి మనిషి చెయ్యి అలిసిన జాడ ఎక్కడా లేదు.

"అయ్యా, ఆగండి! ఇది మిషనుది!"

"ఇప్పుడేగా చేనేతని రాసిచ్చావు?" అన్నాడు ఆఫీసరు.

గోడౌన్ గుమ్మంలో దుర్గాశంకర్ నిలబడి ఉన్నాడు. మరమగ్గాల యజమానుల తరఫున ఎమ్మెల్యేల చుట్టూ తిరిగేది అతనేనని అక్కడి హమాలీ చెబితే తెలిసింది.

ఇంటికొచ్చి చెప్తే భార్య శివపార్వతి ఊరుకోలేదు. "కప్పు కాఫీకి అమ్మేసొచ్చావా మీ నాయన గుర్తుని?"

కమిటీ కూర్చుంది. నకిలీలు మీ హయాంలోనే దిగాయని అధికార పక్షంవాళ్లు, మీరొచ్చాకే పెరిగాయని ప్రతిపక్షంవాళ్లు, రెండు రోజులు అరుచుకున్నారు. మూడో రోజు ఒక్క విషయంలో రెండు పార్టీలకూ మాట కలిసింది: నేతగాడే చేనేతని సంతకం పెట్టాక ఇక చేసేదేముంది? ఫైలు మూసేశారు.

పడుగు మీద చివరి చీర ముగింపుకొచ్చింది. జంట పోగు వేసేచోట చౌడయ్య చెయ్యి ఆగింది. ఒకప్పుడు ఎమ్మెల్యే కూర్చున్న గట్టు మీద శివపార్వతి నూలు కండెలు సర్దుతోంది.

"ఇంకా ఎందుకయ్యా అది?"

"నాయన వేసేవాడు" అన్నాడు. రెండు పోగులూ జంటగానే వేసి, చీర కోసి, ఖాళీ మగ్గం గుంటలోంచి పైకి లేచాడు.