వెనక వంటిల్లు ఉన్న బండి

2022 జూన్ నెల. వాన రావాల్సిన రోజుల్లో గాలి ఒక్కటే వస్తోంది. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు పక్కన ఉన్న మా షెడ్డులో పైకప్పు రేకులు రోజంతా దడదడలాడుతున్నాయి. వాన పడితే రైతు కొత్త ట్రాలీ చేయించుకోవడానికి వస్తాడు. పడకపోతే పాత ట్రాలీకి అతుకు వేయించుకోవడానికి కూడా రాడు. పని లేకుండా కూర్చోవడం నా వల్ల కాదు. గుమ్మం దాకా పోయి ఆకాశం చూడటం, తిరిగొచ్చి వెల్డింగ్ రాడ్లు సర్దడం, మళ్లీ పోయి చూడటం. మా ఆవిడ విసుక్కుని, "నువ్వు చూస్తే పడే వానైతే ఈపాటికి చెరువులు తెగేటివి" అంది.

మాది బాడీ బిల్డింగ్ పని. కంపెనీ నుంచి ఇంజనూ చాసిస్సూ మాత్రమే వచ్చే లారీలకు పై కట్టుబడి మేం చేస్తాం. చాసిస్ అంటే బండికి వెన్నెముక లాంటి ఇనుప చట్రం. లారీలు కాక ట్రాక్టర్ ట్రాలీలు, టిఫిన్ బండ్లు, ఊరూరా తిరిగి నీళ్ల క్యాన్లు వేసే ఆటోలు, అన్నీ కట్టాను. మనుషులు అందులోనే పడుకుని ఊళ్లు తిరిగే బండి మాత్రం అప్పటిదాకా కట్టలేదు.

అలాంటి రోజున బనగానపల్లె నుంచి సుబ్బయ్యశెట్టి వచ్చాడు. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం, అరవైకి దగ్గర పడిన మనిషి. చిన్న పెట్రోలు కారు ఎండలో ఆపి, ఫోన్ చేత్తో పట్టుకుని పరుగులాంటి నడకతో లోపలికొచ్చాడు. కారులో ముందు సీట్లో ఒకావిడ అద్దాలు ఎత్తుకుని కూర్చునే ఉంది.

"రెడ్డీ, ఇట్లాంటిది ఒకటి కావాల" అని ఫోన్‌లో బొమ్మ చూపించాడు. విదేశాల్లో కారుకు తగిలించుకుని పోయే ట్రావెల్ ట్రైలర్. రెండు మంచాలు, సోఫా, ఏసీ, వంటిల్లు, స్నానాల గది. "బెంగుళూరులో ఒకటి అమ్మకానికి కూడా ఉండాదంట. దాన్నే తెచ్చుకుందునా, నువ్వే కడతావా?"

నేను బయటికి తొంగి ఆయన కారు చూశాను. "శెట్టీ, ఈ కారు దాన్ని ఈడ్చేది కాదు. ఘాటెక్కేటప్పుడు అదే నీ కారును ఎనక్కి ఈడుస్తాది. నీకు అంత బండి ఎందుకు? తీర్థాలకైతే అహోబిలంలో సత్రం లేదా?"

శెట్టి ముఖంలో నవ్వు పోయింది. కారు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. భార్య రమమ్మకు రెండేళ్ల క్రితం పెద్ద ఆపరేషన్ జరిగింది. మూత్రాశయం తీసేశారు. పొట్ట పక్కన చిన్న రంధ్రం, మూత్రం చేరేందుకు దానికి అతికించిన సంచి. రెండు మూడు గంటలకొకసారి దాన్ని ఖాళీ చేయాలి, అప్పుడప్పుడు మార్చాలి, శుభ్రంగా కడుక్కోవాలి. అప్పటినుంచి ఆమె ఇల్లు కదల్లేదు. పెళ్లి లేదు, పేరంటం లేదు. రాజంపేటలో ఒక్కగానొక్క అక్క ఉంది. మోకాళ్లు అరిగి మంచం దిగడమే కష్టం, ఆమె రాలేదు. ఈమె పోదు. అక్కది ఉమ్మడి కుటుంబం, ఇంటినిండా జనం, పెరట్లో ఒకే స్నానాల గది.

"ఫోన్లో ఇద్దురూ ఏడుస్తారు, పెట్టేస్తారు" అన్నాడు శెట్టి. "ఆమె గది ఆమె ఎంట ఉంటే వస్తాది రెడ్డీ. దేశం తిప్పాలని కాదు. ఒక్కసారి రాజంపేట చూపించాల. ఈరోజు కూడా కారు దిగమని అడగనని నాతో ఒట్టు పెట్టించుకోని వచ్చినాది."

అలాంటి మాట విన్నాక నాకు ఇక కాలు నిలవదు. వెంటనే సుద్ద తీసుకుని షెడ్డు నేల మీద గీత గీశాను. ఇది మా పద్ధతి. కాగితం మీద బొమ్మ ఎవరికీ అర్థం కాదు. నేల మీద అసలు కొలతకు గీసి, మనిషిని అందులో నిలబెడితే, పడుకోబెడితే, సరిపోయేదీ సరిపోనిదీ వాళ్లకే తెలుస్తుంది. ఆ కారు ఈడ్చగలిగినంత చిన్న బండి గీశాను, తొమ్మిదడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు. శెట్టి అందులో పడుకున్నాడు. పొట్ట మీద చేతులు పెట్టుకుని, "ఇంతేనా?" అన్నాడు. ఆయన పడుకున్న తీరు చూసో ఏమో, కారు తలుపు తెరుచుకుంది.

రమమ్మ సన్నటి మనిషి. ఎడమ చేత్తో చీర కొంగు పొట్టకు అదిమి పట్టుకుని నడుస్తుంది. గీతల చుట్టూ ఒక చుట్టు తిరిగి, "దొడ్డి యాడ?" అంది. ముందు మూల చూపించాను. "వంటిల్లు యాడ?" దాని పక్కన చూపించాను. ఫోన్ బొమ్మలో అలాగే ఉంది మరి.

"దొడ్డీ పొయ్యీ ఒకే గోడకా?" అని ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరి కొంపలోనన్నా ఉంటాదా అప్పా ఇట్ల? ఆ బండిలో నేను గుక్కెడు నీళ్లు కూడా తాగను." అంటూనే కాలి బొటనవేలితో నా వంటింటి గీతను చెరిపేసింది.

శెట్టి లేచి కూర్చుని, "నీ మడి తగలెయ్య! పెద్ద బండి తెచ్చుకుందామంటే రెడ్డి వద్దంటాడు, చిన్నదంటే నువ్వు వద్దంటావు" అని అరిచాడు. ఆమె కారు వైపు తిరిగింది. పని చేజారిపోతోందని నాకు తెలిసింది.

"అమ్మా, వంటిల్లు బయటుంటే?" అన్నాను. ఆగింది. బండి వెనక భాగానికి పైకి లేచే తలుపు పెడతాను, అది ఎత్తితే లోపల పొయ్యి, గట్టు, అర. వండేవాళ్లు నేల మీద నిలబడి వండుతారు, ఎత్తిన తలుపే నీడ. మధ్యలో పడక. ముందు భాగం మాత్రం నిలబడేంత ఎత్తు లేపి అక్కడ కాసెట్ టాయిలెట్ పెడతాను. కాసెట్ అంటే కింద పెట్టె లాంటి ట్యాంకు, నిండాక లాగి పారబోసి కడిగేది. దొడ్డికీ పొయ్యికీ మధ్య ఒక మంచం, రెండు గోడలు.

ఆమె ముందు మూలలో నిలబడి చెయ్యి పైకెత్తి చూసుకుంది. "ఈడ గడియ లోపల పెట్టు. గట్టిది పెట్టు" అంది. ఆ మాటతో మాకు బండి కుదిరింది.

ఆ తర్వాత మూడు నెలలు శెట్టి నన్ను నిలబడనీలేదు, కూర్చోనీలేదు. పొద్దున్నే ఫోన్. "యాక్సిల్ వచ్చిందా? ప్యానెళ్లు వచ్చినాయా? ఆమె మనసు మారకముందే కానీ రెడ్డీ." మధ్యలో నిజంగానే మారింది కూడా. ఒక వారం వద్దంది, మరో వారం ఊరుకుంది. నేనూ తక్కువ తిన్నవాణ్ణి కాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు చుట్టూ కాగితాల కోసం తిరుగుతూ, అక్కడి గుమాస్తాను అదే తీరుగా వేధించాను. తేలిక కోసం ఇనుము తగ్గించి అల్యూమినియం వేశాను, గోడలకు రేకుల మధ్య థర్మోకోల్ నింపిన ప్యానెళ్లు వాడాను.

దసరా ముందు బండి బనగానపల్లె చేరింది. ముందు ఎత్తు, వెనక పల్లం. కూర్చున్న ఒంటెలా ఉందని వీధి పిల్లలు నవ్వారు. శెట్టి అంగడి కాటా తెచ్చి దాని మీదే టంగ్ వెయిట్ చూశాను. ట్రైలర్ మూతి కారు కొక్కెం మీద మోపే బరువును అలా అంటాం. మొత్తం బరువులో పదో వంతు వరకు ముందుకు మొగ్గాలి. ఎద్దులబండి తోలినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దుకు ఉరి పడుతుంది. కాటా సరిగ్గా చూపించింది. మరుసటి రోజు ప్రయాణం. శెట్టికి ఒకటికి పదిసార్లు చెప్పాను, బండి వెనక ఊగితే బ్రేకు తొక్కొద్దు, ఆక్సిలేటరు వదిలెయ్, దానంతటదే కుదురుతుంది అని.

నాకు మనసు ఊరుకోలేదు. పొద్దున నా పికప్ వేసుకుని వాళ్ల వెనకే బయల్దేరాను, ప్రొద్దుటూరు దాకా చూసి వద్దామని. కోయిలకుంట్ల దాటేదాకా బాగానే పోయింది. ఆ తర్వాత నల్లరేగడి పొలాల మధ్య తిన్నటి రోడ్డు. సిమెంటు లారీ ఒకటి వాళ్లను దాటి జోరుగా పోయింది. ఆ గాలికి ట్రైలర్ వెనక భాగం ఒకసారి ఎడమకు ఊగింది. తర్వాత కుడికి. తర్వాత ఇంకా ఎక్కువగా ఎడమకు. హారన్ మోగిస్తూ "తొక్కద్దు! తొక్కద్దు!" అని స్టీరింగుతో చెబుతున్నాను. శెట్టి తొక్కాడు. ట్రైలర్ పక్కకు తిరిగి, చక్రం కంకరలోకి దిగి, దుమ్ములో ఆగిపోయింది. దేవుడి దయ, బోల్తా పడలేదు.

శెట్టి దిగి కారుకు ఆనుకున్నాడు. "బ్రేకు తొక్కద్దంటివి. కాలు వినల్యా రెడ్డీ."

రమమ్మ దిగలేదు. పొట్ట పట్టుకుని ముందుకే చూస్తోంది. "ఇంటికి తిప్పమను" అంది నాతో. "రాజంపేటా వద్దు, ఏమీ వద్దు. ఈ ఒంటితో ఊర్లు తిరిగేది వద్దని చెప్తానే ఉండా. ఇంకోసారి నన్ను అడగొద్దని చెప్పు ఆయనకు."

నేను చేసిన బండి ఎందుకు ఊగిందో నాకు అంతుపట్టలేదు. వెనక తలుపు ఎత్తాను. పొయ్యి కనిపిస్తే ఒట్టు. గట్టు మీద, అరలో, సందులో అంతా స్టీలు బిందెలు, మూతులకు తడిగుడ్డలు కట్టి. వాటి కింద క్యాన్లు. అన్నీ నిండు నీళ్లు. నిన్న నేను కాటా చూసి వెళ్లాక, తెల్లవారకముందే రమమ్మ లేచి నింపుకుంది. బండికి అన్నిటికంటే వెనక కొసన, ఇద్దరు మనుషుల బరువు.

"ఇవన్నీ ఎందుకమ్మా?"

"ఇవి తాగేదానికి. ఇవి వంటకు. ఆ క్యాన్లు కడుక్కునేదానికి. వాటినీ వీటినీ కలపకూడదు."

"మంచం కింద ట్యాంకు నింపినాం కదమ్మా."

"ట్యాంకులో నీళ్లు కంటికి కనపడవు కదప్పా. కనపడని నీళ్లను నమ్మేదెట్ల? దోవలో అయిపోతే నేను ఎవురి ఇంటి ముందర నిలబడి అడుక్కోవాల?"

మాది పత్తికొండ వైపు ఊరు. మా అమ్మ కూడా మూడిళ్లవతల చుట్టాలింటికి పోయినా చెంబు పట్టుకునే పోయేది. వాన పడ్డా పడకున్నా మా సీమ మనిషి నీళ్లు చూసుకోకుండా గడప దాటడు. ఇన్నేళ్లు ఇక్కడే బతికి, బండి కొలతలన్నీ వేశాను కానీ ఆ బిందెల సంగతి నాకెందుకు తట్టలేదో!

రెండు బిందెలు కారు వెనక సీట్లో ఆమెకు కనిపించేలా పెట్టి సీటు బెల్టులు బిగించాను. మిగతావి పారబోద్దామని ఒక బిందె ఎత్తితే ఆమె కేక పెట్టింది. "నేల మీద పోస్తావా? కళ్లు పోతాయి!" దూరంగా గొర్రెల మంద ఒకటి వస్తోంది. సరే, వాటికే పోద్దామని కాపరిని కేకేసి పిలిచాను. గొర్రెలకేం తొందర? మేస్తూ, ఆగుతూ వస్తున్నాయి. శెట్టి కారు చుట్టూ తిరుగుతున్నాడు, నేను ట్రైలర్ చుట్టూ తిరుగుతున్నాను. ఇంటికా, రాజంపేటకా అని అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఇంతలో రమమ్మ కారు దిగింది. ముఖం బిగుసుకుపోయి ఉంది. లారీలు పోతున్న రోడ్డును, మమ్మల్ని, పొలాలను చూసింది. సంచి నిండిందని అర్థమైంది. వెనక్కి తిరిగినా ఇల్లు గంట దూరం. ట్రైలర్ ముందు తలుపు తెరిచి లోపలికి పోయింది. గడియ పడిన చప్పుడు వినబడింది.

మగవాళ్లం ఇద్దరం అటువైపు వీపు పెట్టి నిలబడి టైర్ల గురించి మాట్లాడుకున్నాం. టైర్ల గురించి మాట్లాడటానికి ఏమీ లేదు. "శానా సేపాయె, పిలుద్దునా?" అన్నాడు శెట్టి. "ఊరుకో శెట్టీ" అన్నాను. ఈలోగా గొర్రెలు చేరుకుంటే కాపరి వాటికి బిందెల్లో నీళ్లు పోశాడు. లోపల నీళ్ల పంపు చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్లీ వినిపించింది.

ఆమె బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని బొట్టు దిద్దుకుని ఉంది. కొంగు అదిమిన చెయ్యి పక్కకు వచ్చేసింది.

"ఎవురినీ అడక్కుండా అయిపాయ" అంది. మాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత గొర్రెల వైపు తిరిగి, "తాగినాయా? అయితే బయల్దేరండి. పొద్దు గూకితే అక్క భయపడతాది" అంది.

శెట్టి పిచ్చివాడిలా నవ్వుతూ పరిగెత్తి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దుమ్ము అని చెప్పుకోను. ప్రొద్దుటూరు దాకా వెనకే పోయాను. పక్కనుంచి ఎన్ని లారీలు పోయినా బండి ఊగలేదు.

మరునాడు పొద్దున్నే ఫోన్. "రెడ్డీ, నాకు ఇంకో బండి కట్టాల."

"ఏమాయె శెట్టీ?" అన్నాను భయపడి.

"అక్కాచెల్లెండ్లు ఇద్దురూ బండిలోకి పోయి గడియ పెట్టుకున్యారు. వాళ్లక్కను అందురం మోసుకోనిపోయి ఎక్కించినాం. నన్ను అరుగు మీద పండుకోమన్యారు. ఒకటే మాటలు, ఒకటే నగువు. ఆమె నగింది విని రెండేండ్లాయె రెడ్డీ. దోమలు కుడ్తాన్యా అట్లే కూచోని విన్యా."

ఆ తర్వాత అలాంటి చిన్న బండ్లు మరికొన్ని కట్టాను. ఎవరు వచ్చినా ఖాళీ బండిని తూచి పంపడం మానేశాను. సామాను సర్దుకోండి, మీరు మామూలుగా ఏమేం మోసుకుపోతారో అన్నీ పెట్టుకోండి, అప్పుడు కాటా చూద్దాం అంటాను. మనుషులు ఇల్లు కదిలేటప్పుడు వాళ్ల భయాన్ని కూడా నింపి పెట్టుకునే వస్తారు. దాన్ని పారబోయమంటే వినరు. ఇరుసుకు ముందు, కంటికి కనిపించేచోట, దానికి కాస్త జాగా ఇస్తే చాలు, బండి నడుస్తుంది.